ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ జెడ్పీ స్కూల్లో ఎవరైనా నిజంగా చేశారా? ఇంట్లో ఫోన్ లేని పిల్లల సంగతేంటి?

పీఎస్_మాస్టారు_మార్కాపురం:

అందరికీ నమస్తే. నేను జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ ఎస్‌ఏని (స్కూల్ అసిస్టెంట్), 9, 10 క్లాసులు నావే. మొన్న ట్రైనింగ్‌లో రిసోర్స్ పర్సన్ ఒకాయన ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ మీద ఓ గంట చెప్పారు. పాఠమేమో ఇంటి దగ్గర వీడియోలో చూసుకుని రావాలి, హోంవర్క్ అనేది ఏదుందో అది స్కూల్లో మన ముందు చేయాలి, అంతే సంగతి. స్లైడ్లు బాగున్నాయి, స్లైడ్లలో పిల్లలందరికీ లాప్‌టాపులూ హెడ్‌ఫోన్లూ ఉన్నాయి. నా పక్కన కూర్చున్న సోషల్ సారు "హెడ్‌ఫోన్‌లో హెడ్డు వరకూ మన పిల్లలకీ ఉంది సార్" అన్నారు.

నవ్వాను గానీ ఆ ఐడియా బుర్రలోంచి పోవట్లేదు. ఎందుకంటే నా పీరియడ్ 45 నిమిషాలు, అటెండెన్సు, అరుపులు పోగా 40 మిగిలితే అందులో 30 నేను చెప్పడం, బోర్డు మీద రాయడం, వాళ్ళు దించుకోవడంతోనే అయిపోతుంది, తీరా వాళ్ళ చేత లెక్క చేయిద్దామనుకునేసరికి బెల్లు. సరే ఆ లెక్క ఇంటికిస్తే ఇంట్లో చెప్పేదెవరు, అమ్మానాన్న మిరప కోతలకి పోయి చీకటి పడ్డాక వస్తారు. పొద్దున్నే ఫస్టొచ్చే పిల్ల నోట్సు చుట్టూ పది మంది మూగి ఎక్కించుకుంటుంటారు. అంటే వినడం, రాసుకోవడం లాంటి తేలిక పని నా ముందు చేస్తున్నారు, బుర్ర పెట్టాల్సిన పని ఒంటరిగా ఇంట్లో చేస్తున్నారు (చేయట్లేదు). దీన్ని తిరగేస్తే బాగుంటుంది కదా అని నాకూ అనిపించింది.

అనిపించిందే తడవు ఒక వీడియో చేశా. టెన్త్ కరెంటు పాఠం, ఓమ్ నియమం. ఆదివారం మా వంటింట్లో తీశా, వెలుతురు అక్కడే బాగుంటుంది కాబట్టి. 22 నిమిషాలు వచ్చింది, మధ్యలో కుక్కర్ రెండు విజిల్స్. వాట్సాప్‌లో ఎక్కలేదు, యూట్యూబ్‌లో పెట్టి లింకు గ్రూపులో పంపా. 41 మందిలో చూశామన్నది ఆరుగురు, వాళ్ళలో ముగ్గురిని "కుక్కర్ ఎన్ని కూతలేసిందిరా" అంటే "కుక్కరేంటి సార్" అన్నారు.

అప్పుడు కూర్చుని లెక్క తీశా. 9 మంది వెల్ఫేర్ హాస్టల్, వాళ్ళకి ఫోన్ ప్రసక్తే లేదు. 8 మంది ఇళ్ళల్లో కీప్యాడ్ ఫోనే. మిగతా 24 మంది ఇళ్ళల్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, కానీ అది నాన్నది, ఆయన రాత్రి ఎనిమిదింటికి వస్తాడు, వచ్చాక ఆయన రీల్స్ అయ్యాక మిగిలిన చార్జింగూ మిగిలిన డేటా పిల్లాడివి.

నా డౌట్లు ఇవీ. ఫోన్ లేని 17 మందిని ఏం చేయాలి? చూడకుండా వచ్చిన వాళ్ళని ఏం చేయాలి? ఇంకోటి, మా హెచ్‌ఎం మంచాయనే గానీ "మాస్టారూ పాఠం చెప్పకుండా పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టారని ఎవరైనా అంటే నేనేం చెప్పాలి" అన్నారు, ఆయనకి ఏం చెప్పాలి? యూట్యూబ్‌లో చూసి చెప్పేవాళ్ళు వద్దు, దయచేసి చేసి దెబ్బతిన్నవాళ్ళు చెప్పండి.


లెక్కల_మేడం_నల్గొండ:

నమస్తే సార్. దెబ్బతిన్నోళ్ళు అన్నరు కాబట్టి రాస్తున్న. నాది మ్యాథ్స్, గవర్నమెంట్ స్కూలే. నిరుడు రెండు చాప్టర్లకు ట్రై జేసిన, మొదటిది మొత్తం పోయింది, రెండోది జర నయం.

మొదటిది సరూప త్రిభుజాలు. మీ లెక్కనే వీడియో చేసి గ్రూపుల పెట్టిన. తెల్లారి క్లాసుకు పోతే సగం మంది చూడలే. నేనేం జేసిన, అయ్యో పాపం అని బోర్డు మీద మళ్ళ మొదటి నుంచి చెప్పిన, 25 నిమిషాలు. చూసొచ్చినోళ్ళు ఆవులింతలు. మూడో దినం సంగతి చెప్పాల్నా, చూసొచ్చేటోళ్ళు గూడ బంద్ జేసిన్రు, "మేడం ఎట్లనో మళ్ళ చెప్తది గద" అని. తప్పు పిల్లలది గాదు సార్, నాదే. చూడనోళ్ళ కోసం మళ్ళ మొత్తం చెప్పుడు మొదలువెట్టినమా, ఫ్లిప్పు ఆడ్నే ఖతం.

రెండోది నిరూపక జ్యామితి. ఈసారి ఇంటికి ఏం పంపలే. వీడియో గూడ క్లాసులనే. మూడు బ్యాచ్‌లు జేసిన, ఒక్కో కాడ 12 నిమిషాలు, అటెన్క జాగ మారుడు. ఒక బ్యాచ్ స్కూల్ లాప్‌టాప్ ముంగట ఐదు నిమిషాల వీడియో రెండుసార్లు చూస్తది, నోట్‌బుక్కుల రాసుకుంటది. ఇంకో బ్యాచ్ నా దగ్గర కూసుంటది. మూడో బ్యాచ్ వరండాల. మా వరండా షాబాద్ బండలు సార్, చదరం బండలు, గ్రాఫ్ పేపర్ పరిచినట్టే ఉంటది. చాక్‌పీస్‌తోని అడ్డం ఒక అక్షం నిలువు ఒక అక్షం గీసిన, చిట్టీ మీద బిందువు రాసిచ్చి పోయి ఆ మూల మీద నిలబడుమన్న. ఒకడు ఒకటి కామా ఒకటి మీద, ఇంకోడు నాలుగు కామా ఐదు మీద. ఇద్దరి నడుమ దారం పట్టి అదే దారం బండల వరుస మీద పెట్టి కొలిస్తే సరిగ్గా ఐదు బండలు. అప్పుడు ఫార్ములా చేసి చూడున్రి అంటే మూడు స్క్వేర్ నాలుగు స్క్వేర్ అని వాళ్ళే అరిచిన్రు. మైనస్ రెండు కామా మూడు అంటే ఎటు పోవాల్నో తెల్వక ఒక పోరడు డ్రింకింగ్ వాటర్ ట్యాప్ దాకా పోయిండు, అందరు నవ్విన్రు, గానీ పరీక్షల ఆ మైనస్ ఎవ్వరు తప్పు జేయలే.

దీన్ని ఇన్-క్లాస్ ఫ్లిప్ అంటరంట, నాకు పేరు తర్వాత తెలిసింది. మీకు ఫోన్ లేని 17 మంది ఉన్నరు గద, ఆళ్ళ కోసం ఏదో ఒకటి స్పెషల్‌గ చేసుడు కన్న అందరికి ఒకటే తీరు స్కూల్లనే పెట్టుడు మేలు. మీ ఏపీల చానా బళ్ళల్ల గోడకు పెద్ద ప్యానెల్స్ ఇచ్చిన్రు గద, పెన్‌డ్రైవ్ పెడితే సాలు, నెట్టు గూడ వద్దు.

కష్టం ఏందంటే లొల్లి. మూడు బ్యాచ్‌లు ఒకటేసారి పనిజేస్తే క్లాసు సంతల ఉన్నట్టే ఉంటది. పక్క క్లాసు హిందీ మేడం నాతోని వారం దినాలు మాట్లాడలే.


ఈసీఈ_లెక్చరర్:

మేడం గారి వరండా బండల ఐడియా సూపర్. నేను ఇంజినీరింగ్ కాలేజీలో చెప్తా, మా పిల్లల చేతుల్లో ఒక్కోడికి ఒకటిన్నర ఫోన్ ఉంటుంది, అయినా నాకూ అదే దెబ్బ తగిలింది కాబట్టి సమస్య ఫోన్ ఒక్కటే కాదు అని చెప్పడానికి రాస్తున్నా.

సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ చెప్తున్నప్పుడు ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ వీడియో పాఠాలు) లెక్చర్ చూసి రండి అన్నాను. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన మంచి పాఠాలు, కాదనను, కానీ ఒక్కోటి దాదాపు గంట. మావాళ్ళు రెండింతల స్పీడ్‌లో పెట్టి ఫోన్ దిండు పక్కన పడేసి పబ్జీ ఇంకో ఫోన్లో ఆడుకున్నారు (ఒకడు నిజాయితీగా చెప్పాడు, వాడికి ఇంటర్నల్‌లో ఒక మార్కు వేయాలనిపించింది). ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో ఒక స్టడీ వచ్చింది, జనం వీడియో మీద మనసు పెట్టేది ఆరు నిమిషాల లోపే, అంతకన్నా పొడుగైతే మధ్యలోనే వెళ్ళిపోతున్నారు అని. మీ 22 నిమిషాలూ నా గంటా ఆ లెక్కలో ఎక్కడున్నాయో చూసుకోండి మరి.

అసలు ఈ గోల ఎక్కడ మొదలైందో తెలిస్తే మీ హెచ్‌ఎం గారికి చెప్పడానికి పనికొస్తుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, ఉడ్‌లాండ్ పార్క్ అనే ఊళ్ళో హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అని ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు. కొండ ఊరు, ఆటల పోటీలకీ దేనికీ పిల్లలు దూరం వెళ్ళాలి, క్లాసులు పోయేవి. ఆ మిస్సయిన వాళ్ళ కోసమని 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలెట్టారు. క్లాసులో ఉన్నవాళ్ళు కూడా అవే చూడటం మొదలెట్టేసరికి, అలాంటప్పుడు క్లాసులో మళ్ళీ నేను అదే చెప్పడం దేనికి, పిల్లాడు నిజంగా ఇరుక్కున్నప్పుడు పక్కన ఉంటే చాలు కదా అని వాళ్ళకి తట్టింది. అంటే మొదలెట్టింది మనలాంటి బడిపంతుళ్ళే, పెద్ద పెద్ద యూనివర్సిటీల వాళ్ళు కాదు.

యూనివర్సిటీలో ఇంకో కథ ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అని ఫిజిక్స్ ప్రొఫెసర్. పాఠం అద్భుతంగా చెప్తాడని స్టూడెంట్సే రేటింగులు ఇచ్చేవాళ్ళు. 1990 ప్రాంతంలో ఆయన లెక్కలేవీ లేని ఒక కాన్సెప్ట్ టెస్ట్ పెట్టాడు, బరువైన లారీ చిన్న కారుని గుద్దితే ఎవరు ఎవరి మీద ఎక్కువ బలం వేస్తారు లాంటి ప్రశ్నలు. న్యూటన్ మూడో సూత్రం నిద్రలో అడిగినా చెప్పే పిల్లలు లారీ అనే రాశారు. ఒకమ్మాయైతే మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. ఆ దెబ్బకి ఆయన పద్ధతే మార్చేశాడు. చదువుకుని రావాలి, క్లాసులో ఒక ప్రశ్న వేస్తాడు, ఎవరికి వాళ్ళు ఓటు వేయాలి, తర్వాత పక్కవాడితో వాదించుకుని మళ్ళీ ఓటు వేయాలి. దాన్ని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. అప్పట్లో వీడియోలు కావు, పుస్తకం చదివి రావడమే. కాబట్టి మాస్టారూ మీ 17 మందికి వీడియో అక్కర్లేదు, ఒక పేజీ జిరాక్స్ చాలు.

చూడకుండా వచ్చేవాళ్ళకి నా మందు ఇది. క్లాసు మొదట్లో మూడు ప్రశ్నల చీటీ, మూడు నిమిషాలు. చూసినవాడికి మంచినీళ్ళు తాగినంత తేలిక, చూడనివాడికి అయోమయం. మార్కులు తక్కువే గానీ ఉండాలి, మార్కు లేకపోతే మా పిల్లలు దేవుడికి దణ్ణం కూడా పెట్టరు.


ఫ్రిస్కో_అమ్మ:

నేను టీచర్ని కాదు, టెక్సాస్‌లో ఉంటాం, మావాడి ఆల్జీబ్రా టీచర్ ఇలాగే చెప్తుంది. తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట. మొదటి నెల నాకు ఒళ్ళు మండిపోయింది. రాత్రి వీడియో చూస్తాడు, మధ్య మధ్యలో వీడియో ఆగి ప్రశ్న అడుగుతుంది, జవాబు కొడితే గానీ ముందుకెళ్ళదు, నోట్సు రాసి ఫోటో పెట్టాలి. స్కూల్లో ఏం చెప్పింది రా అంటే "ఏం చెప్పలేదు, లెక్కలు చేశాం" అంటాడు. ఇక్కడి మన తెలుగువాళ్ళ గ్రూపులో అందరిదీ ఇదే పాట, టీచర్ చెప్పాల్సింది చెప్పకుండా పిల్లల మీద పడేసిందని. కొందరు విడిగా ట్యూషన్ పెట్టించారు కూడా, అదే చాప్టర్ మూడోసారి వినడానికి!

నాకు అర్థమైంది ఎప్పుడంటే ఓపెన్ హౌస్‌కి వెళ్ళినప్పుడు. ఆవిడ బోర్డు దగ్గర లేదు. పిల్లల మధ్య తిరుగుతోంది, మావాడి దగ్గర వంగి మైనస్ గుర్తు ఎక్కడ జారిపోయిందో వేలుతో చూపిస్తోంది. నేను టెన్త్ చదివినప్పుడు మా లెక్కల మాస్టారు ఐదేళ్ళలో ఒక్కసారి నా నోట్సు మీదకి వంగలేదు పాపం, 70 మందిమి ఉండేవాళ్ళం. మీరు మొదలెట్టే ముందు ఒక్క పేరెంట్స్ మీటింగ్ పెట్టి ఇది చెప్పండి సార్, లేకపోతే ఊళ్ళో వేరే రకంగా పాకుతుంది.


నిజం_మాట్లాడదాం:

అందరూ మంచిగా చెప్తున్నారు, నేను కొంచెం చేదుగా చెప్తా, ఏమనుకోకండి. ప్రైవేటు స్కూల్లో పదిహేనేళ్ళు చేసి బయటికొచ్చినవాణ్ణి.

2020లో ఇక్కడ ఏపీలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వేశారు, అక్కడ తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో (అక్కడి ప్రభుత్వ పాఠాల ఛానల్), దూరదర్శన్ యాదగిరిలో వేశారు. ఎవరు చూశారు? టీవీ ఉన్న ఇంట్లో పాఠం టైముకి సీరియల్. 2022 డిసెంబర్లో ఏపీలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు ఇచ్చారు. ఏసర్ (పల్లె పిల్లల చదువు మీద చేసే సర్వే) 2024 రిపోర్టు చూడండి, పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల ఇళ్ళల్లో దాదాపు 90 శాతం స్మార్ట్‌ఫోన్ ఉంది, వాడటం వచ్చినవాళ్ళు 82 శాతం పైమాటే. వాడటం వచ్చినవాళ్ళలో అంతకు ముందు వారంలో చదువు కోసం వాడింది 57 శాతం, సోషల్ మీడియాకి 76 శాతం. అంటే వస్తువు ఇంట్లోకి వచ్చినంత మాత్రాన చదువు రాదు.

ఆడపిల్లల సంగతి ఎవరూ అనలేదు. బడి నుంచి రాగానే పిల్లాడి చేతికి ఫోనొస్తుంది, పిల్ల చేతికి చీపురొస్తుంది. గిన్నెలు తోమి, నీళ్ళు పట్టి, తమ్ముణ్ణి ఆడించి ఆ పిల్ల మీ ఆరు నిమిషాల వీడియో ఎప్పుడు చూడాలి? మీ "ఇంటి దగ్గర" అనే మాటలో ఇల్లు అందరికీ ఒకటే అని ఉంది, అదే అబద్ధం. క్లాసులో మీరు చెప్పే 30 నిమిషాలు ఆ పిల్ల ఏ పనీ లేకుండా కూర్చుని వినే టైం, దాన్ని కూడా తీసేస్తారా?


రిటైర్డ్_తెలుగు_పండితుడు:

నాయనలారా, మేము ఈ పేరు తెలియకుండానే చేశాం. పద్యం ముందురోజే కంఠతా పట్టి రావాలి. క్లాసులో నేను పద్యం చదివేవాణ్ణి కాదు, ఒకణ్ణి లేపి అప్పజెప్పించి, ప్రతిపదార్థం ఒకడు, భావం ఒకడు, "కవి ఇక్కడ ఈ మాటే ఎందుకు వాడాడు" అని ఇంకొకణ్ణి నిలబెట్టి వాదన పెట్టేవాణ్ణి. కంఠతా పట్టనివాడు వాదనలో నోరెత్తలేక మర్నాడు తనే పట్టుకొచ్చేవాడు, బెత్తం అవసరం పడేది కాదు (అప్పుడప్పుడు పడేది). వీడియో ఒకటే కొత్త. పైన చేదుగా మాట్లాడినాయన చెప్పిన ఆడపిల్లల సంగతి మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు, మాస్టారు గారు దానికి సమాధానం వెతకాలి.


పీఎస్_మాస్టారు_మార్కాపురం:

మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చా, అందరికీ థాంక్స్. ఏం చేశానో రాస్తా, చివర్లో ఇంకో డౌట్ ఉంది.

నిజం మాట్లాడదాం గారూ, మీ మాటకి రెండ్రోజులు కోపం వచ్చింది, మూడో రోజు మా అమ్మాయిల్ని అడిగా, ఇంటికెళ్ళాక ఏం చేస్తారమ్మా అని. మీరు చెప్పిన లిస్టే చెప్పారు, దానికి గేదెకి గడ్డి కలుపుకోవాలి. అందుకని ఇంటికి ఏదీ పంపకూడదని డిసైడయ్యా. పొద్దున అసెంబ్లీకి ముందు ఇరవై నిమిషాలు రూము తెరిచి ప్యానెల్ మీద వీడియో వేస్తున్నా, లంచ్‌లో అన్నం తిన్నాక ఇంకోసారి. ఐదు నిమిషాల ముక్క, కుక్కర్ లేకుండా. రాలేని వాళ్ళకి అర పేజీ జిరాక్స్, రెండు బొమ్మలు, కాగితం రూపాయి, నా జేబే. హాస్టల్ పిల్లలు అసలు అందరికన్నా ముందొస్తున్నారు, హాస్టల్లో తోచదు వాళ్ళకి.

నల్గొండ మేడం గారి వరండా లాంటిది నాకు లేదు, గచ్చు ఉంది. కాబట్టి ఈసీఈ సార్ చెప్పిన ఓటు పద్ధతి పట్టుకున్నా. పాఠం కాన్వెక్స్ లెన్స్. లెన్స్ నుంచి కిరణాలు ఎలా వెళ్తాయి, బొమ్మ తలకిందులుగా ఎందుకు పడుతుంది, ఇది వీడియోలో. క్లాసులో రూము తలుపులేసి ఒక్క కిటికీ తెరిచి ఉంచి, ఎదురు గోడకి తెల్ల చార్టు అంటించి, లెన్స్ పట్టుకుంటే కిటికీ, బయట వేపచెట్టు, చెట్టు కింద మా అటెండర్ స్కూటర్ అన్నీ తలకిందులుగా రంగుల్లో పడ్డాయి. మొదట అరగంట "సార్ నేను పట్టుకుంటా" తోనే సరిపోయింది.

రెండోరోజు ప్రశ్న వేశా. ఈ లెన్స్‌కి పైసగం నల్ల కాగితం అంటిస్తే చార్టు మీద ఏమవుతుంది? ఏ అంటే బొమ్మ పైసగం పోతుంది, బీ అంటే కిందసగం పోతుంది, సీ అంటే బొమ్మ మొత్తం ఉంటుంది గానీ వెలుగు తగ్గుతుంది, డీ అంటే అసలు బొమ్మే పడదు. కళ్ళు మూసుకుని గుండె దగ్గర వేళ్ళు చూపించమన్నా, ఒకళ్ళని చూసి ఒకళ్ళు మార్చకుండా. 38 మంది వచ్చారు. ఏ 18, బీ 11, సీ 5, డీ 4. కరెక్టు ఐదుగురే. సరే పక్కవాళ్ళతో మాట్లాడుకోండి అని నాలుగు నిమిషాలు ఇచ్చి మళ్ళీ అడిగితే సీ మూడుకి పడిపోయింది! అంటే కరెక్టు చెప్పిన ఇద్దరిని తప్పు చెప్పినవాళ్ళు లాగేసుకున్నారు. "బొమ్మ తలకిందులు కదా కాబట్టి కిందసగమే పోతుంది" అని మా లీడర్ చాలా గట్టిగా వాదించాడు, వాడు వాదిస్తే నేనే ఒక్క క్షణం నమ్మాను.

ఇక మాట్లాడకుండా నల్ల కాగితం అంటించా. క్లాసంతా చప్పుడు లేదు. మూడో బెంచీలో పిల్ల, ఎప్పుడూ నోరు విప్పదు, "చెట్టు మొత్తం ఉంది సార్, మబ్బు పట్టినట్టుంది" అంది. మబ్బు పట్టినట్టు! నేను ఇరవై ఏళ్ళుగా "ప్రకాశం తగ్గును" అనే రాయిస్తున్నా. తర్వాత ఆ పిల్లనే బోర్డు దగ్గరికి పిలిచా, చెట్టు కొస నుంచి వచ్చే కిరణాలు లెన్స్ పైభాగానికే పోతాయా, అంతటా పడతాయా గీయమన్నా, గీస్తూ గీస్తూ తనే చెప్పింది, ప్రతి చోటు నుంచీ కిరణాలు లెన్స్ మొత్తం మీద పడతాయి కాబట్టి సగం మూస్తే సగం కిరణాలు పోతాయి గానీ చెట్టులో ఏ ముక్కా పోదు అని. లీడర్ మొహం చూడాలి.

హెచ్‌ఎం గారు తలుపు సందులోంచి చూస్తున్నారని నాకు తర్వాత తెలిసింది. లెసన్ ప్లాన్‌లో ఇదంతా రాసి పెట్టా, ఆయన సంతకం పెట్టి "ఆ లెన్స్ ఒకసారి ఇటివ్వండి" అని ఆఫీసు రూములో ట్రై చేసుకున్నారు.

కానీ డౌట్ అలాగే ఉంది. చర్చ పెడితే కరెక్టు వాళ్ళు తగ్గిపోవడం ఏంటి? నేను ఎక్కడ తప్పు చేశా?

ఇంకో సంగతి, సిలబస్. ఒక్క లెన్స్ ప్రశ్నకి రెండు పీరియడ్లు పట్టింది, పక్క స్కూలు సారు అప్పటికి పాఠం అయిపోగొట్టి స్లిప్ టెస్ట్ కూడా పెట్టేశారు.


ఈసీఈ_లెక్చరర్:

మాస్టారూ అదిరింది. మీ తప్పు చిన్నదే. మజూర్ దానికి ఒక లెక్క పెట్టుకున్నాడు. మొదటి ఓటులో కరెక్టు వాళ్ళు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే చర్చ పెట్టాలి. 70 దాటితే రెండు మాటలు చెప్పి ముందుకెళ్ళిపో, 30 లోపు అయితే చర్చ ఆపి ఇంకొంచెం చెప్పు, లేదా ఒక హింట్ ఇచ్చి మళ్ళీ ఓటు పెట్టు. మీది 38లో 5, అంటే 13 శాతం. చాలా బెంచీల్లో సీ అన్నవాడు ఒక్కడు కూడా లేడు, ఉన్నచోట ఒక్కడు ముగ్గురితో పోట్లాడాలి, అందులోనూ లీడర్ గొంతు పెద్దది. అప్పుడు గెలిచేది గొంతే.

ఈసారి మొదటి ఓటు తర్వాత సగం దూరం తీసుకెళ్ళండి. చెట్టు కొస మీద ఒక్క చుక్క పెట్టి, ఆ చుక్క నుంచి లెన్స్‌కి ఎన్ని కిరణాలు పోగలవో గీయండి అని మాత్రం చెప్పి, జవాబు చెప్పకుండా మళ్ళీ ఓటు అడగండి. కనీసం పన్నెండు మంది సీ వైపు వస్తే అప్పుడు వదలండి వాదనకి.


లెక్కల_మేడం_నల్గొండ:

సార్ సిలబస్ గురించి నా అనుభవం. అన్ని పాఠాలకు చేయకున్రి, పక్షానికి ఒకటి జాలు. పేర్లు, డెఫినిషన్లు, రసాయన సమీకరణాల లిస్టు ఉన్న పాఠాలు మామూలుగనే చెప్పుకోవచ్చు, పిల్లలు ఎక్కడ కచ్చితంగా తప్పు జేస్తరో ఆ ఒక్క చోటు వట్టుకొని అక్కడ తిప్పున్రి. మీకు ఇరవై ఏళ్ళ సర్వీసు గద, పేపర్లు దిద్దితే ప్రతి ఏడు అదే తప్పు కనవడతది, అదే మీ ప్రశ్న. సిరీస్‌ల రెండు బల్బులు పెడితే మొదటి బల్బు కరెంటు తినేస్తది, రెండో దానికి తక్కువ పోతది అని రాసేటోళ్ళు మా దగ్గర సగం మంది ఉన్నరని మా సైన్స్ సార్ అంటడు. మీ కుక్కర్ వీడియో గా పాఠానిదే గద.

ఇంకొకటి, ఆ మూడో బెంచీ పిల్లను బోర్డు కాడికి పిలిచిన్రు చూడున్రి, గది మంచి పని చేసిన్రు.


నిజం_మాట్లాడదాం:

పొద్దున ఇరవై నిమిషాలు రూము తెరవడం, జిరాక్స్ జేబులోంచి పెట్టడం... మీకు బదిలీ అయితే తర్వాత ఏమవుతుంది అనేది నా డౌట్, అది అలాగే ఉంది. కానీ మబ్బు పట్టినట్టుంది అన్న పిల్ల మాట మా ఇంట్లో చదివి వినిపించా. మా ఆవిడ, ఆమె కూడా టీచరే, పాత కళ్ళద్దాల్లోంచి ఒక లెన్స్ ఊడదీసి కిటికీ దగ్గర నిలబడింది, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.


పీఎస్_మాస్టారు_మార్కాపురం:

బదిలీ సంగతి నిజమే, ఈ వేసవికి ఎనిమిదేళ్ళు నిండుతాయి, లిస్టులో నా పేరు ఉంటుంది. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఒక్కో పాఠానికి ఒక ప్రశ్న, దానికి పిల్లలు మొదట ఏం చెప్పారో లెక్క, ఒక ఫోల్డర్ చేస్తున్నా, హెచ్‌ఎం గారి బీరువాలో పెడతా.

మేడం గారు అన్న సిరీస్ బల్బుల ప్రశ్న రేపు తొమ్మిదింటికి. రెండు టార్చి బల్బులు, మూడు సెల్లులు తెచ్చా, ఒక బల్బు వెలగట్లేదు, దుకాణం మూసేలోపు ఇంకోటి తేవాలి, ఉంటా.